నసీబ్ అనే ముందు నిబంధన చూశామా?

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే, ప్రవేశాల కాలంలో తరచూ చెవిన పడే మాట ఒకటుంది. "మావాడికి సీటు రాలేదు భాయీ, నసీబ్‌లో లేదు." ఎక్కడ సీటు అంటే శామీర్‌పేట దగ్గరి బిట్స్ అంటారు. ఎన్ని మార్కులొచ్చాయి, ఏయే కోర్సులు కోరుకున్నాడు అని అడిగితే తండ్రి దగ్గర జవాబుండదు. తఖ్దీర్‌ను నమ్మడం మన ఈమాన్‌లో భాగమే. కానీ తెలుసుకోగలిగిన నిబంధనను తెలుసుకోకుండా వదిలేసి, ఆ భారమంతా తఖ్దీర్‌పై మోపడం తవక్కుల్ అనిపించుకోదు.

పిలానీలోని బిర్లా సంస్థకు 1964లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా లభించింది. హైదరాబాద్ ప్రాంగణం 2008లో మొదలైంది. చదువులో భాగంగానే రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివరి ఏడాది దాదాపు అర సంవత్సరం కంపెనీల్లో పని నేర్పిస్తారు. మన పిల్లలు అటు చూసేది అందుకే. 2004 వరకు అక్కడ ఇంటర్ మార్కులే చూసేవారు. 2005 నుంచి బిట్‌శాట్ పరీక్ష వచ్చింది. "ఇంటర్‌లో 980 వచ్చాయి, ఇంకేం కావాలి?" అనే పెద్దలు ఇంకా పాత లెక్కలోనే ఉన్నారన్నమాట. గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల్లో కలిపి 75 శాతం, ఒక్కోదానిలో కనీసం 60 శాతం ఉంటే గడప దాటినట్లే. ఆ తర్వాత లెక్కకు వచ్చేది బిట్‌శాట్ మార్కే.

ఆ పరీక్షలో 130 ప్రశ్నలు, 390 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఇందులో ఇంగ్లిషు, తర్కం కలిపి 30 ప్రశ్నలు, అంటే 90 మార్కులు. మన కాలేజీలు తెల్లవారుజాము నుంచి లెక్కలు రుద్దిస్తాయి గానీ ఈ తొంభై మార్కుల వంక చూడవు. ఉర్దూ, తెలుగు మాధ్యమాల్లో పదో తరగతి దాకా చదివిన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. 2022 నుంచి పరీక్షను రెండు విడతల్లో రాయవచ్చు, ఎక్కువ వచ్చిన మార్కునే తీసుకుంటారు. ఈ సంగతి తెలియక ఒక్కసారితో సరిపెట్టుకునే వారున్నారు.

బి.సి.-ఇ ధ్రువపత్రం మీద ఆశ పెట్టుకునే వారికీ ఒక మాట చెప్పాలి. 2007లో చట్టంగా వచ్చిన 4 శాతం, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న మన ఎంసెట్ సీట్లకు పనికొస్తుంది. బిట్స్‌లో ఆ రిజర్వేషన్ లేదు. డొనేషన్ సీటూ లేదు. ఇప్పిస్తానని వచ్చేవాణ్ణి ఇంటి గడప తొక్కనీయకండి.

కోర్సుల వరుస పెట్టడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పిలానీ కంప్యూటర్ సైన్స్‌కు 300 దాటిన మార్కులు కావాల్సి వచ్చిన సంవత్సరాలున్నాయి. ఎమ్మెస్సీ కోర్సులు కొన్ని అంతకు చాలా కింద నిలుస్తాయి. వాటిలో చేరినవారికి మొదటి ఏడాది మార్కులను బట్టి ఇంజనీరింగ్ శాఖ కూడా దొరుకుతుంది. సీట్లు మార్కుల వరుసలోనే ఇస్తారు కాబట్టి, నిజంగా కోరుకున్నది ముందు పెట్టినందువల్ల కిందిది పోదు. కానీ జాబితాలో రాయని కోర్సు మాత్రం రాదు.

ఇక అసలు చిక్కు డబ్బు. హాస్టల్‌తో కలిపి నాలుగేళ్ళకు ఇరవై లక్షలు దాటుతుంది. ఎంసెట్ సీట్లకు వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇక్కడ వర్తించదు. బ్యాంకు రుణమంటే వడ్డీ. ఆ ఒక్క కారణంతో దరఖాస్తు దగ్గరే ఆగిపోయే కుటుంబాల బాధను తేలిగ్గా తీసుకోలేము. ఆదాయం, ప్రతిభ చూసి ఫీజులో కొంత తగ్గించే పద్ధతి ఆ సంస్థలో ఉంది. మిగిలిన దానికి మన బైతుల్‌మాల్‌లు, మసీదు కమిటీలు ఏం చేస్తున్నాయి? నలభై మందికి తలా రెండు వేలు పంచి ఫోటో దిగడం కంటే, ఒక విద్యార్థికి తగ్గిన మొత్తాన్ని ఖర్జె హసనాగా ఇచ్చి, ఉద్యోగం వచ్చాక తిరిగి తీసుకుంటే ఆ సొమ్ము మరొకరికి అందుతుంది. ఒక్కడికే అంతా ఇస్తారా అని ఎవరైనా అడుగుతారు. అడగవలసిందే, కమిటీ జవాబు చెప్పవలసిందే. అయితే ఆ చర్చ ఫలితాలు వచ్చాక కాదు, దరఖాస్తులు నింపే చలికాలంలోనే జరగాలి.