ఈల లేని లీ మోర్గాన్

హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక సీనియర్ అన్న ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో, సినిమాల మధ్య ఒక ఫోల్డర్ ఉండేది. దాని పేరు 'బెస్ట్ ఆఫ్ లీ మోర్గాన్'. ఎవరో తెలీదు. తెరిస్తే ట్రంపెట్.

నా ఎరుకలో ట్రంపెట్ అంటే పెళ్ళి బ్యాండు. మా వాడ నుంచి ఇద్దరు బ్యాండులో ఊదేవాళ్ళు. ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేది వాళ్ళే, భోజనాల దగ్గర అందరికంటే చివర కూర్చునేదీ వాళ్ళే. ఊళ్ళో వాళ్ళకు పేర్లు లేవు. 'బ్యాండోళ్ళు', అంతే.

ఆ ఫోల్డర్‌లో మొదటి పాట 'ది సైడ్‌వైండర్'. పది నిమిషాలు, మాటలు ఉండవు. దరువు మొదలైతే కాలు ఆగదు. పరీక్షల ముందు రాత్రులన్నీ అదే పెట్టుకుని చదివాను. అలా మూడేళ్ళు విన్నాను. ఊదుతున్న మనిషి ఎవరో కనుక్కోవాలని ఒక్కసారీ అనిపించలేదు. మా ఊరి పెద్దలు బ్యాండోళ్ళను ఎట్లా విన్నారో, నేను లీ మోర్గాన్‌ను అట్లాగే విన్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

తర్వాత తెలుసుకున్నది చెప్తాను. మోర్గాన్ 1938లో ఫిలడెల్ఫియాలో పుట్టిన నల్లజాతి పిల్లాడు. 18 ఏళ్ళకే డిజీ గిలెస్పీ బ్యాండులో చేరాడు. 19 ఏళ్ళకు జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్' ఆల్బమ్‌లో ఊదాడు. ఆర్ట్ బ్లేకీ 'జాజ్ మెసెంజర్స్'లో పేరు తెచ్చుకున్నాడు. హెరాయిన్‌కు అలవాటుపడి కొన్నాళ్ళు సొంతూరికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి 1963 డిసెంబర్‌లో బ్లూ నోట్ కంపెనీకి 'సైడ్‌వైండర్' రికార్డు చేశాడు. 1964లో విడుదలైన ఆ ఆల్బమ్, జాజ్ రికార్డులు మామూలుగా చేరని పాప్ జాబితాల్లోకి ఎక్కింది.

అప్పుడు ఒక పెద్ద కార్ల కంపెనీ ఆ పాటను టీవీ ప్రకటనలో వాడుకుంది. పాట కట్టిన మనిషిని అడగలేదు. కేసు వేస్తానని మోర్గాన్ బెదిరిస్తే ఆ ప్రకటన ఆపారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అదే ఫోల్డర్‌లో 'మిస్టర్ కెన్యాట్టా' అని ఇంకో పాట ఉండేది. అదీ ఎన్నోసార్లు విన్నాను. పేరు కళ్ళముందే ఉన్నా చదవలేదు. కెన్యా 1963 డిసెంబర్ 12న బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. దాని నాయకుడు జోమో కెన్యాట్టా. రెండు నెలలు గడిచాయో లేదో, 1964 ఫిబ్రవరిలో, పాతికేళ్ళ మోర్గాన్ ఆయన పేరు మీద పాట కట్టి రికార్డు చేశాడు. ఆ పాట ఉన్న ఆల్బమ్ 'సెర్చ్ ఫర్ ది న్యూ లాండ్', అంటే కొత్త నేల కోసం వెతుకులాట. అది రెండేళ్ళ తర్వాత, 1966లో గానీ జనంలోకి రాలేదు.

కాబట్టి సంకలనం ఆ పాటను దాచిందని నేను అనను. పాటను ఉంచింది. తేదీని, సందర్భాన్ని, పక్కన వాయించినవాళ్ళ పేర్లను తీసేసింది. అవి తీసేస్తే కెన్యా స్వాతంత్ర్యం కూడా పరీక్షల రాత్రి వినడానికి బాగుండే సంగీతం అయిపోతుంది.

ఇక ఏ సంకలనంలోనూ పట్టని సంగతి. 1970లో రహ్సాన్ రోలండ్ కర్క్ అనే చూపులేని శాక్సొఫోన్ కళాకారుడు ముందుండి 'జాజ్ అండ్ పీపుల్స్ మూవ్‌మెంట్' నడిపాడు. నల్లవాళ్ళు పుట్టించిన సంగీతానికి టీవీలో చోటు లేదు, స్టూడియో ఆర్కెస్ట్రాల్లో నల్లవాళ్ళకు ఉద్యోగాలు లేవు, ఇదేం న్యాయం అని అడిగారు. ఆ ఆగస్టులో మెర్వ్ గ్రిఫిన్ అనే పేరున్న టీవీ షో చిత్రీకరణకు ప్రేక్షకుల్లా వెళ్ళి కూర్చున్నారు. సైగ రాగానే ఈలలు ఊది చిత్రీకరణ ఆపేశారు. ఆ గుంపులో లీ మోర్గాన్ ఉన్నాడు.

ఇప్పుడు కార్ల ప్రకటన గుర్తుచేసుకోండి. కారు అమ్మిపెట్టడానికి ఆయన పాటకు టీవీలో చోటు దొరికింది. ఆయనలాంటి వాళ్ళు వచ్చి వాయించడానికి మాత్రం చోటు కోసం ఈల ఊదాల్సి వచ్చింది. మా బ్యాండోళ్ళ ట్రంపెట్ పెళ్ళికి కావాలి, వాళ్ళు మాత్రం పంక్తిలో వద్దు. కులమూ జాతీ ఒకటేనని నేను చెప్పడం లేదు. రెండిటి చరిత్ర వేరు, పనిచేసే పద్ధతి వేరు. కానీ పనిని తీసుకుని మనిషిని బయట నిలబెట్టడం ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు.

1971లో చేసిన ఆఖరి స్టూడియో ఆల్బమ్‌లో, అప్పుడు జైల్లో ఉన్న ఏంజెలా డేవిస్ కోసం ఆయన బృందం 'ఏంజెలా' అనే పాట వాయించింది. 1972 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లో మంచు కురుస్తున్న రాత్రి, స్లగ్స్ అనే క్లబ్బులో మోర్గాన్ తుపాకి గుండుకు చనిపోయాడు. 33 ఏళ్ళు. కాల్చింది ఆయనతో కలిసి బతికిన హెలెన్. హెరాయిన్‌లో మునిగి ట్రంపెట్ తాకట్టు పెట్టుకున్న మనిషిని చేరదీసి మళ్ళీ నిలబెట్టింది కూడా ఆమే. జనం ఆయన గురించి మాట్లాడితే ఒకటి సైడ్‌వైండర్, రెండు ఈ హత్య. 1970 నాటి ఈల మధ్యలో జారిపోతుంది.

ఇది అమెరికా సంగతి అని వదిలేయకండి. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగారు. మోర్గాన్ పోయిన 1972లోనే బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది, బ్లాక్ పాంథర్స్ పేరు అందుకుని. వాళ్ళు నల్లవాళ్ళ హిట్ పాటలు ఏరుకోలేదు, వాళ్ళ పోరాటాన్ని చదివారు.

మరి మనం? ఏప్రిల్ 14న ప్రతి ఆఫీసులో బాబాసాహెబ్ 'గ్రేటెస్ట్ హిట్స్' వేస్తారు. అందులో ఒకటే పాట: రాజ్యాంగ నిర్మాత. పిలిచినవాళ్ళే వద్దన్న ప్రసంగాన్ని 1936లో సొంత ఖర్చుతో అచ్చేసిన 'కుల నిర్మూలన' అందులో ఉండదు. 1951లో హిందూ కోడ్ బిల్లు విషయంలో మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి ఉండడు. ఫొటోకు దండ వేసేది ఆ పుస్తకంలో ఆయన తప్పుపట్టిన వ్యవస్థే. అబద్ధం ఏమీ చెప్పరు. ఎంచుకుంటారు, అంతే. ఎంచుకునే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సంకలనాలు వినొద్దని నేను అనను. ఆ ఫోల్డరే లేకపోతే మోర్గాన్ నాకు దొరికేవాడే కాదు. కానీ అక్కడే మూడేళ్ళు కూర్చోవద్దు. ఏ పాట నచ్చినా మూడు సంగతులు అడగండి: ఏ ఏడాదిది, పక్కన ఎవరు వాయించారు, దానిమీద డబ్బు ఎవరికి పోయింది. సైడ్‌వైండర్‌లో మన కాలు ఆగనివ్వని ఆ దరువు బిల్లీ హిగ్గిన్స్‌ది. ఆయన పేరు నాకు ఎన్నో ఏళ్ళకు తెలిసింది.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా వాడలో బ్యాండు ఊదిన పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఇద్దరిలో ఆయనొక్కడే మిగిలాడు. ఫోన్‌లో 'మిస్టర్ కెన్యాట్టా' వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. అయ్యాక మొదట అడిగింది ఇదే: "ఎవరయ్యా ఈయన? ఎవరి పిల్లాడు?"

నేను మూడేళ్ళు అడగని ప్రశ్న.

జై భీమ్.