పాఠం వినేవారుంటేనే…

రెండేళ్ల క్రితం నాకు మధుమేహం ఉన్నట్టు తేలింది. మా అబ్బాయి నా ఫోనులో ఒక ఆరోగ్య యాప్ పెట్టాడు. చక్కెర కొలత, నడిచిన అడుగులు, తిన్న ఆహారం, వేసుకున్న మందులు అన్నీ అందులో నమోదు చేయాలి. మొదటి వారం ఎంతో శ్రద్ధగా చేశాను. మూడో వారానికి అది పదేపదే చేసే హెచ్చరికలు విసుగు పుట్టించాయి. నెల తిరక్కముందే వాటిని ఆపివేశాను. క్రమంగా మందులు కూడా మరచిపోసాగాను. సుమారు మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే, ఫలితం మునుపటికన్నా పెరిగింది.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. దీర్ఘకాలిక వ్యాధులకు చికిత్సను క్రమం తప్పక పాటించేవారు సంపన్న దేశాలలో సైతం సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే పేర్కొంది. చేతికి ఫోను వచ్చినంత మాత్రాన మనిషి స్వభావం మారదు కదా!

మరి కొందరు ఏళ్ల తరబడి ఎలా కొనసాగించగలుగుతున్నారు? సమాధానం నాకు తరగతి గదిలోనే దొరికింది. హిఫ్జ్ చేసే పిల్లవానికి రోజూ కొద్ది పాఠమే ఇస్తాము. దానికొక వేళ నిర్ణయిస్తాము. అన్నింటికీ మించి, కూర్చుని ఆ పాఠం వింటాము. వినే ఉస్తాద్ లేకపోతే ఎంత తెలివైన విద్యార్థి అయినా వల్లెవేయడం మానేస్తాడు. యాప్ విషయంలో నాకు కొరవడినవి ఈ మూడే.

మొదటిది, భారం తగ్గించుకోవడం. యాప్ నాకు రోజుకు 10,000 అడుగుల లక్ష్యం పెట్టింది. ఈ సంఖ్య ప్రచారంలోకి వచ్చింది 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరుతో. 3,000 దాటని నాకు ప్రతి సాయంత్రం అపజయమే కనిపించేది. లక్ష్యాన్ని 4,000కు దించాను. ఆహారం నమోదు మానివేసి, వైద్యుడు అడిగిన చక్కెర కొలత, మందులు మాత్రమే ఉంచాను. నిలకడగా చేసే చిన్న ఆచరణ విలువను దైవప్రవక్త (స) బోధించారని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! నా ఆరోగ్యం దగ్గర మాత్రం మరిచాను.

రెండవది, వేళ. ఫజ్ర్ నమాజ్ ముగించి ఇంటికి రాగానే, అల్పాహారానికి ముందు కొలత చూసుకుంటాను. ఉన్న అలవాటుకు కొత్త పనిని జోడిస్తే హెచ్చరికతో అవసరం తగ్గుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2009లో వెల్లడించిన ప్రకారం, కొత్త అలవాటు స్థిరపడడానికి సుమారు 66 రోజులు పడుతుంది. కొందరికి 18 రోజులే చాలగా, మరికొందరికి 254 రోజుల వరకు పట్టవచ్చునని వారి అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన శ్రమంతా వృథా కాదని కూడా వారు గమనించారు. ఒక్కరోజు తప్పిందని యాప్‌నే తీసివేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మూడవది, వినేవారు. పొరుగూరిలో ఉన్న మా అమ్మాయి ఉదయం ఫోన్ చేసి, “అబ్బా, ఈరోజు ఎంత వచ్చింది?” అని అడుగుతుంది. సంఖ్య ఎక్కువగా ఉన్నా గద్దించదు, “రాత్రి ఏం తిన్నారు?” అని మాత్రమే అంటుంది. గద్దించి ఉంటే బహుశా నేను సంఖ్యను దాచేవాణ్ణి. తదుపరి పరీక్షలో నా ఫలితం తగ్గింది. ఆ సంఖ్యలను వైద్యునికి కూడా చూపుతున్నాను. మందుల మోతాదు మార్చవలసింది ఆయనే గాని యాప్ కాదు.

సోదర సోదరీమణులారా! మీ ఇంటి పెద్దల ఫోనులో యాప్ పెట్టి ఇవ్వడంతో మీ బాధ్యత తీరిపోయిందనుకోకండి. రేపు ఉదయం వారి పక్కన కూర్చుని, ఆనాటి సంఖ్య ఎంతో ప్రేమగా అడగండి. ఎల్లుండి కూడా అడగండి.