బసు టాక్సీ ఎవరూ ఎక్కలేదు

2009 జనవరిలో ‘అరుంధతి’ విడుదలయ్యాక సోనూ సూద్ ముఖం తెలియని ఇల్లు తెలుగునాట లేకుండా పోయింది. అందులో ఆయన వేసిన పశుపతి పేరు చెప్పి పిల్లలకు అన్నం తినిపించిన తల్లులున్నారు. 2020లో కరోనా కాలంలో వలస కూలీలను బస్సులెక్కించి ఊళ్లకు పంపినప్పుడు అదే ముఖానికి హారతులు పట్టాం. చిత్తూరు జిల్లాలో ఇద్దరాడపిల్లలు కాడి లాగుతున్న వీడియో చూసి ట్రాక్టర్ పంపిస్తే దేవుడన్నాం. భయపెట్టినప్పుడూ మనవాడే, ఆదుకున్నప్పుడూ మనవాడే. ఆయన ఒక మామూలు మనిషిగా చేసిన వేషం మాత్రం మన కంటికి ఆనలేదు.

‘అరుంధతి’ వచ్చిన ఏడాదే, డిసెంబరులో, దుబాయ్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘సిటీ ఆఫ్ లైఫ్’ అనే సినిమా వేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్లో అక్కడి థియేటర్లలోకి వచ్చింది. అందులో సోనూ సూద్ దుబాయ్ టాక్సీ డ్రైవరు. పేరు బసు. పీటర్ పటేల్ అనే బాలీవుడ్ హీరో పోలికలు ముఖాన పడ్డ పాపానికి, ఆ పోలికనే పట్టుకుని ఏదో అయిపోదామని కలగంటాడు. తీసింది హాలీవుడ్ వాళ్లు కాదు, బొంబాయి వాళ్లూ కాదు. అలీ మొస్తఫా అనే ఎమిరాటీ కుర్రాడు, అంటే యూఏఈ దేశస్థుడు. లండన్ ఫిల్మ్ స్కూల్లో చదివొచ్చి తీసిన తొలి పూర్తి నిడివి సినిమా ఇది. అరబ్బీ, ఇంగ్లిషు, హిందీ, ఏ పాత్ర నోటికి ఏ భాష వస్తుందో ఆ భాషే మాట్లాడిన సినిమా. సొంత దేశపు దర్శకుడు తన ఊరి కథ చెబుతూ అందులో మూడో వంతు ఒక హిందుస్తానీ డ్రైవరుకు రాసిచ్చాడు. గల్ఫ్ సంగతి వస్తే కంటతడి పెట్టే మనం ఈ సినిమాను ఒక్క పూట తలుచుకున్న పాపాన పోలేదు. నా కడుపుమంట ఇదే.

కథ మూడు దారుల్లో నడుస్తుంది. ఫైసల్ డబ్బున్న ఎమిరాటీ ఇంటి కొడుకు. కారుంది, తండ్రి ఆస్తి ఉంది, పొద్దున లేచి చేయాల్సిన పని మాత్రం లేదు. వాడి స్నేహితుడు ఖల్ఫాన్‌దీ అదే దేశం, అదే తెల్ల కందూరా, కానీ అంత కలిగిన ఇల్లు కాదు. కోపం ముక్కుమీద, చేయి మాటకంటే ముందు. దుబాయ్‌లో పుట్టిన ప్రతివాడూ షేకేనని మనం అనుకుంటాం కదా, ఈ ఇద్దరి మధ్య ఉన్న ఎడం చూస్తే ఆ భ్రమ పోతుంది. రెండో దారిలో నటాలియా. రొమేనియాలో బ్యాలే నర్తకి, ఇక్కడ ఎయిర్ హోస్టెస్. గై అనే బ్రిటిష్ అడ్వర్టయిజింగ్ పెద్దమనిషి మోజులో పడుతుంది. నటాలియా వేషం వేసిన అలెగ్జాండ్రా మరియా లారా ‘డౌన్‌ఫాల్’లో హిట్లర్ సెక్రటరీగా చేసిన నటి. పుట్టింది బుకారెస్ట్‌లోనే. మూడో దారి బసుది. చివరికి ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో చెప్పి చూడబోయేవాళ్ల సరదా చెడగొట్టను.

సినిమా చూసిన విమర్శకుల్లో కొందరు ఒకే మాటతో దీన్ని తీసిపారేశారు. ‘క్రాష్’ వచ్చింది, ‘బేబెల్’ వచ్చింది, ఆ వరసలో దుబాయ్ వాళ్లూ ఒకటి చుట్టేశారన్నారు. సంబంధం లేని మనుషులు, విడివిడి కథలు, ఆఖర్న ఒక ముడి. అరువు తెచ్చుకున్న ఫ్యాషనని కొట్టిపారేశారు. ఇంతకంటే అన్యాయమైన తీర్పు ఉండదు.

ఆ ఊరి కట్టుబడి ఒకసారి చూడండి. దేశ జనాభాలో పౌరులు నూటికి పది పన్నెండు మంది. మిగతా అంతా బయటినుంచి వచ్చినవాళ్లే, అందులో అందరికన్నా ఎక్కువ మనవాళ్లు. ఎమిరాటీ కుటుంబం ప్రహరీ గోడల వెనక విల్లాలో ఉంటుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన మేనేజరు మెరీనా టవర్లో. ఎయిర్ హోస్టెస్‌లు కంపెనీ ఇచ్చిన ఫ్లాట్లలో. డ్రైవరు కరామాలోనో, సత్వాలోనో, దేరాలోనో బెడ్ స్పేస్‌లో. అంటే గదిలో ఒక మంచం, మంచం చుట్టూ తాడుకు వేలాడే గుడ్డ తెర, తెర లోపల ఫోన్ చార్జరు, తలగడ కింద పాస్‌పోర్టు జిరాక్సు. రోడ్ల పక్క స్తంభాల మీద ఇప్పటికీ ఆ ప్రకటన కాగితాలు కనిపిస్తాయి, కింద ఫోను నంబరు చీల్చుకుపోయేందుకు వీలుగా కత్తిరించి. కూలీ సోనాపూర్ క్యాంపులో. వీళ్లెవరూ ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్లరు. ఒకరి పెళ్లికి ఒకరు రారు. పిల్లలు ఒకే బడిలో చదవరు. పండగలు వేరు, బజార్లు వేరు, సెలవుపూట సేదతీరే చోట్లు కూడా వేరు.

వీళ్లందరూ ఒక్కచోట కలిసేది రోడ్డు మీద. షేక్ జాయెద్ రోడ్డు మీద ఫైసల్ కారూ ఉంటుంది, బసు టాక్సీ ఉంటుంది, ఆ టాక్సీ వెనక సీట్లో నటాలియా ఉండొచ్చు. ముందు సీటువాడికి వెనక సీటు మనిషి ఎవరో తెలీదు, దిగేటప్పుడు మీటరు చూసి డబ్బులిస్తే సంబంధం తీరిపోతుంది. అలాంటి ఊరి కథను ఒకే కుటుంబం చుట్టూ అల్లితే అబద్ధం అవుతుంది. విడివిడి కథలుగా చెప్పడం, రోడ్డు మీద కలపడం ఆ ఊరికి పుట్టుకతో వచ్చిన పద్ధతి. ‘క్రాష్’లోని లాస్ ఏంజెలెస్‌కు అది ఒక ఐడియా కావచ్చు, దుబాయ్‌కి అది దినచర్య. మొస్తఫా దాన్ని కళ్లారా చూస్తూ పెరిగాడు. పాతికేళ్లు దాటి కొద్దికాలమే అయిన కుర్రాడికి ఇంత తెలివి ఉండదనుకున్నారో ఏమో, అరువు సొమ్మని ముద్ర వేశారు.

ఆ కుర్రాడు ఎక్కడ నిలబడి తీశాడో కూడా గుర్తుపెట్టుకోవాలి. యూఏఈ ఏర్పడిందే 1971 డిసెంబరులో. మనకు తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన దాదాపు నలభై ఏళ్లకు. 2001లో అబూ ధాబీలో స్థానిక కుర్రాళ్ల చిన్న చిత్రాలకు పోటీ పెడితే, అక్కడినుంచి మొదలైంది సినిమా తీసే వాతావరణం. 2004లో దుబాయ్ చలనచిత్రోత్సవం వచ్చింది. కెమెరామన్ నుంచి మేకప్ వరకు ప్రతి పనికీ బయటివాళ్లే దిక్కు. అలాంటి చోట మూడు ముఖ్యపాత్రలు, మూడు భాషలు, నాలుగైదు దేశాల నటులతో బొమ్మ తీయడమంటే ఎంత సాహసమో మన ఫిలింనగర్లో ప్రొడక్షన్ మేనేజరునడిగితే చెబుతాడు. ఖల్ఫాన్‌గా వేసింది ఇరాకీ-కెనడియన్ ర్యాపర్ యాసిన్ అల్సల్మాన్. చిన్న పాత్రలో కనిపించే నటాలీ డార్మర్ కొన్నేళ్లకే ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో ప్రపంచమంతా తెలిసిపోయింది.

సరే, బసు దగ్గరికొస్తాను.

సోనూ సూద్ తెలుగులో ఎన్ని సినిమాలు చేసినా ఆయన గొంతు మనం విన్నది తక్కువ. పశుపతికి గొంతు పి. రవిశంకర్‌ది. ఆ డబ్బింగ్ ఎంత గొప్పగా కుదిరిందంటే రవిశంకర్‌కే అది ఇంటిపేరైపోయింది. ముఖం ఒకరిది, గర్జన మరొకరిది, మన తలలో సోనూ సూద్ అంటే ఆ గర్జన. ‘సిటీ ఆఫ్ లైఫ్’లో మాట్లాడేది ఆయనే. ఆరడుగుల మనిషి, కండలు తిరిగిన ఒళ్లు, ఆ ఒళ్లంతా టాక్సీ స్టీరింగు వెనక కుదించుకుని కూర్చుంటాడు. పెద్ద ఆకారం ఉన్నవాడు లోకువైపోతే ఎలా ఉంటుందో చూపిస్తాడు. అందమైన ముఖమే వాడికి శత్రువు. ‘అచ్చం పీటర్ పటేల్‌లా ఉన్నావే’ అనే ప్రతి పొగడ్తా వాడిని టాక్సీలోనుంచి లేపి ఓ అడుగు ముందుకు తోస్తుంది, మరుక్షణం మీటరు దగ్గరే కూలేస్తుంది. హీరో పోలిక ఉన్నందుకు వాడికి దొరికేది హీరో బతుకు కాదు, హీరోలా నటించే కూలి. మన ఊళ్లల్లో జాతరలకు డూప్ చిరంజీవులు, డూప్ బాలకృష్ణలు స్టేజీ ఎక్కి ఎగురుతుంటారు. వాళ్ల ఇళ్లలో సాయంత్రాలు ఎలా ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించామా? ఈ ఎమిరాటీ కుర్రాడు ఆలోచించాడు. ఆ పాత్రకు నిలువెత్తు హీరోలాంటి నటుణ్ణే పెట్టడం దర్శకుడి తెలివి, దాన్ని నవ్వులాట చేయకపోవడం నటుడి మర్యాద.

ఇప్పుడు మన సంగతి. శంషాబాద్ విమానాశ్రయంలో గల్ఫ్ విమానం దిగే వేళ సామాను బెల్టు దగ్గర నిలబడితే చాలు. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కరుతో మనిషి పేరు, ఊరు, మండలం, జిల్లా. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్. కడప, కోనసీమ పేర్లూ తగులుతాయి. ఒకరి పెట్టె ఒకరు దించి పెట్టుకుంటారు. ఆజాద్ వీసా, కఫీల్, ఖల్లివెల్లి లాంటి గల్ఫ్ మాటలు తెలుగు మాటలంత ధారాళంగా పలికే లక్షల మంది మనకున్నారు. వాళ్ల కోసం మన సినిమా ఏం చేసింది? దుబాయ్‌ని పాటలకు వాడుకుంది. ఎడారిలో కార్లు తిప్పి, టవర్ల ముందు హీరో హీరోయిన్లను ఆడించి, తిరిగొచ్చింది. 2007లో వచ్చిన ‘దుబాయ్ శీను’ దుబాయ్ పోదామని బయల్దేరి ముంబయిలో చిక్కుకుపోయినవాళ్ల కామెడీ. 2017లో సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ తీశారు, ఆ తపనకు దండం. ఎంతమంది టికెట్టు కొన్నారో మాత్రం అడగొద్దు. మలయాళం వాళ్లు ‘ఆడుజీవితం’ తీస్తే 2024లో తెలుగు డబ్బింగు చూసి నిట్టూర్చాం. అది సౌదీ ఎడారిలో నరకం. నరకం చూపిస్తే చూస్తాం, స్వర్గం చూపిస్తే చూస్తాం. ఆ రెంటికీ నడుమ, పన్నెండు గంటల డ్యూటీ చేసి, రాడార్ జరిమానాలు కట్టి, కమిషన్ లెక్క చూసుకుని, ఇంటికి డబ్బు పంపి, మిగిలిన గంటలో తన గురించి తాను ఏదో ఊహించుకునే మనిషి మనకు కథగా కనిపించడు. అక్కడున్న మనవాళ్లలో ఎక్కువమంది బతుకు ఆ నడిమి బతుకే.

లోపాలు లేవనను. నటాలియా కథ అక్కడక్కడ సీరియల్ దారి పడుతుంది, గై పాత్రకు అందం తప్ప లోతు లేదు. ముఖ్య పాత్రల్లో భవనాలు కట్టే కూలీ ఒక్కడూ లేడు. దుబాయ్ గురించి తీస్తూ ఆ లోటు చిన్నది కాదు. ఊరి మెరుపులను కెమెరా కాస్త ఎక్కువే ప్రేమించింది. అయితే ఇలాంటి తప్పులున్న అమెరికా సినిమాకు ఆస్కార్ ఇచ్చి చప్పట్లు కొట్టారు కదా. ‘క్రాష్’ 2006లో ఉత్తమ చిత్రం బహుమతి పట్టుకుపోయింది. అందులోని యాదృచ్ఛికాలు కథనం, ఇందులోనివి అనుభవరాహిత్యమా? ఏ తూకమిది?

కాలం కూడా కలిసి రాలేదు. 2009 నవంబరు చివర్లో దుబాయ్ వరల్డ్ కంపెనీ అప్పులు కట్టలేక గడువు అడిగింది, ప్రపంచమంతా దుబాయ్ పని అయిపోయిందంది. ఆ మరుసటి నెలలోనే ఈ సినిమా తెర మీదకొచ్చింది. వైభవం మీద తీసిన సినిమా, వైభవం చిట్లిన వేళ. 2010 జనవరి 4న బుర్జ్ ఖలీఫా తలుపులు తెరిచారు, మరుసటి ఏడు ఓ హాలీవుడ్ సినిమాలో టామ్ క్రూజ్ దాని అద్దాల మీద పాకాడు. దుబాయ్ సినిమా అంటే లోకానికి ఆ పాకుడే గుర్తుండిపోయింది. ఈ సినిమాను మొదట ఎత్తిపట్టిన చలనచిత్రోత్సవం 2018లో రెండేళ్లకోసారి జరుపుతామని ప్రకటించి, మళ్లీ జరగనే లేదు. అబూ ధాబీ ఉత్సవం అంతకు ముందే ఆగిపోయింది. మొస్తఫా తర్వాత ‘ఫ్రమ్ ఎ టు బి’ తీశాడు, ‘ది వర్తీ’ తీశాడు. మొదటి సినిమాను గుర్తుచేసే గుమ్మం మాత్రం మూతపడింది. సొంతవాళ్లు దాచుకోలేకపోయారంటే అర్థం చేసుకోగలను, పుట్టి ఎన్నో ఏళ్లు కాని పరిశ్రమ. బసు కథ తమ కథే అయినవాళ్లు కూడా పట్టించుకోకపోతే ఎవరితో చెప్పుకోవాలి?

అడిగేది పెద్దదేం కాదు. దుబాయ్‌లోనూ అబూ ధాబీలోనూ మన తెలుగు సంఘాలున్నాయి. ఏటా ఉగాదికి హీరోలను, గాయకులను పిలిచి, హాలు అద్దెకు తీసుకుని, శాలువాలు కప్పుతారు. ఒక్క ఏడాది ఒక్క శాలువా తగ్గించి ఈ సినిమా వేయండి, ముందు వరసలు టాక్సీ, బస్సు డ్రైవర్లకు వదలండి. హైదరాబాద్, కరీంనగర్ ఫిలిం క్లబ్బులు ఇరాన్ సినిమాలూ కొరియా సినిమాలూ వేస్తాయి, చర్చలు పెడతాయి, సంతోషం. అదే తెర మీద మన జిల్లా మనుషులు నిత్యం తిరిగే రోడ్ల సినిమాకు ఒక ఆదివారం ఇవ్వండి. దర్శకుడి అనుమతి అడగడం, హక్కుదారులతో మాట్లాడటం సంఘాల వాళ్లకు చేతనైన పనే. తెలుగు సబ్‌టైటిల్స్ ఎవరు రాస్తారన్న పేచీ ఒక్కటే మిగిలితే, నేను రాసిపెడతాను. డబ్బులొద్దు.