ఎనిమిదవ సంపుటము

బైజాంటియను చరిత్రలో డాక్టరేటు పొందిన పండితుడగుటచేతనేమో, అమెరికా నవలాకారుడు హ్యారీ టర్టిల్‌డవ్ చరిత్రను తలక్రిందులు చేయ బూనినప్పుడును దాని మర్యాదను విడువలేదు. 1994లో ఆయన ఆరంభించిన ‘వరల్డ్‌వార్’ నవలామాలలో, రెండవ ప్రపంచయుద్ధము ముమ్మరముగా సాగుచున్న 1942లో గ్రహాంతరమునుండి బల్లిజాతివారు భూమిపై దండెత్తుదురు. ఎనిమిది వందల యేండ్ల క్రిందట, అనగా ఇంచుమించు మన హనుమకొండలో వేయిస్తంభముల గుడి లేచిన కాలమున, వారు పంపిన పరిశోధకయంత్రము గుఱ్ఱమెక్కిన యోధుని చిత్రమును తెచ్చియుండగా, భూలోకము నేటికిని అట్లేయుండునని నమ్మి వచ్చినవారికి టాంకులును విమానములును ఎదురైనవి. ఆ మహాసేనను మత్తులో ముంచినది మన వంటింటి అల్లమేయని చదివి నవ్వని తెలుగువాడుండడు.

నాలుగు నవలల యుద్ధమును, ‘కాలనైజేషన్’ అను మూడు నవలల ఉత్తరకథయు 2001 నాటికి ముగిసినవి. కథ తీరినదని పాఠకులు పుస్తకములు సర్దుకొన్న పిమ్మట, 2004లో ‘హోమ్‌వర్డ్ బౌండ్’ వెలువడినది. శీతనిద్రలో దశాబ్దములు పయనించిన మానవ రాయబారులు 2031లో బల్లిజాతి స్వస్థానము చేరుట ఇందలి వృత్తాంతము. సాగతీత మెండు, దర్బారు మర్యాదల చర్చ ఒకమారు చాలును. అంతకుమించిన లోపము వేరొకటి కలదు: మొలొటోవు, ఫెర్మి వంటి చరిత్రలో ఎఱిగినవారు ఎఱుగని దారిని నడచుచుండగా తొలి సంపుటములలో కలిగిన పులకింత, పోల్చిచూచుటకు నిజచరిత్ర మిగులని ఈ దూరమున కలుగదు.

అయినను ఈ గ్రంథము వ్రాయదగినదేయని నా తలపు. రాయబారుల వెనుకనే కాంతివేగమును మించిన మానవనౌక కొన్ని వారములలో వచ్చి వాలును; లోకము మారదని నమ్మిన బల్లులకు పట్టిన గతియే నిద్రలేచిన రాయబారి శామ్ యేగరు బృందమునకును పట్టును. తొలి నవలలో హాస్యముగా నాటిన విత్తు ఫలించినది ఇచ్చటనే గదా!

తెలుగున ఇట్టి ఊహాచరిత్ర కలదా యన్నచో, విశ్వనాథవారి ‘పురాణవైర గ్రంథమాల’ పండ్రెండు నవలలును ఈ కోవలోనివి కావు. ఆయన కోట వెంకటాచలముగారి పురాణాధార కాలగణనను సత్యమని నమ్మి వ్రాసిరే కాని ‘అట్లు జరిగియుండినచో’ అని ఊహించి కాదు. అట్టి ఊహకు కాకతీయుల ఓరుగల్లులోనే తావు కలదు. ఉలుగ్ ఖాన్ తొలి ముట్టడి, ఢిల్లీలో తన తండ్రియగు సుల్తాను గియాసుద్దీను మరణించెనను వదంతి శిబిరమున వ్యాపించుటచే చెదరినది. అతడు మరలివచ్చి 1323లో కోటను పట్టెను. గియాసుద్దీను నిజముగా మరణించినది 1325లో. ఆ వదంతియే నిజమైయుండినచో? ఆ ఊహపై నవలామాల కట్టినచో మొదటి నవల సులభముగనే సాగును. ఎనిమిదవ సంపుటమునాటికి విజయనగరమే పుట్టకుండును, బహమనీలే యుండకపోవుదురు. అప్పుడు మన రచయిత దేనిని ఊతగొని నడచునో చూడవలెనని నా కుతూహలము.