కాగితం లాక్కున్నారు, చేతికి ఏమిచ్చారు?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర గోడ ఎక్కడుందో కనిపించదు. జావా, టెస్టింగ్, క్లౌడ్, డేటా సైన్స్ అంటూ బోర్డు మీద బోర్డు, ఫ్లెక్సీ మీద ఫ్లెక్సీ. శ్రీకాకుళం మొదలు ఆదిలాబాద్ దాకా డిగ్రీ పట్టాలతో వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో తలదాచుకుని, కోర్సు నేర్చుకుని, అమెరికా దాకా వెళ్లారు. ఆ బోర్డులకు కూతవేటు దూరంలోనే బల్కంపేట, ఎల్లారెడ్డిగూడల ఇరుకు సందులున్నాయి. పంజగుట్ట దాటితే రాజ్‌భవన్ రోడ్డు పక్కన ఎం.ఎస్. మక్తా ఉంది. నాలుగిళ్లలో పాచిపని చేసే అమ్మలు, వాచ్‌మన్లు, ఆటో డ్రైవర్లు, ఆసుపత్రుల్లో గదులు ఊడ్చేవాళ్లు ఉండే బస్తీలివి. గత పదేళ్లలో ఈ ఇళ్లకు రావాల్సిన ప్రతి హక్కునూ ప్రభుత్వం ఫోన్‌లోకి మార్చింది. చదువులో సీటు, రేషన్ బియ్యం, ఆదాయ ధ్రువపత్రం, చివరికి వరద సాయం కూడా. ఫోన్‌లోకి మార్చినవారు ఆ ఫోన్ ఎవరి దగ్గరుంది, దానికి రీచార్జ్ ఎవరు చేయిస్తున్నారు, నడపడం ఎవరికి వచ్చు అని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రభుత్వం మీద మా అభియోగం ఇదే.

ఇంటర్ పాసైన బస్తీ పిల్ల డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి దాదాపు ఒక్కటే దారి, దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి. 200 రూపాయలు కట్టి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. దానికి సాధారణంగా ఆధార్‌తో లింకైన మొబైల్ నంబర్ ఉండాలి. తీరా చూస్తే ఆధార్‌లో ఉన్నది ఎప్పుడో నాన్న వాడి వదిలేసిన సిమ్ నంబర్. ఓటీపీ ఆ నంబర్‌కే పోతుంది. నెట్ సెంటర్ కుర్రాడు మళ్లీ కొట్టి చూస్తాడు, మళ్లీ అటే పోతుంది. ఇక ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబర్ మార్పించుకోవాలి. అది అప్‌డేట్ అయ్యేదాకా ఆగాలి. ఆలోగా వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడుతుంది. సీటు వచ్చాక కూడా సెల్ఫ్ రిపోర్టింగ్ ఆన్‌లైన్‌లోనే చేయాలి. ఆ తేదీ తప్పితే సీటు పోతుంది. ఏ కాలేజీ పెట్టాలో, ఏ కోర్సు ముందు పెట్టాలో అమ్మాయి తరఫున నిర్ణయించేది చాలాసార్లు ఆ నెట్ సెంటర్ కుర్రాడే. వెనక ఇంకా పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి అతనికీ తీరిక ఉండదు. మార్కులు తెచ్చుకున్న పిల్ల భవిష్యత్తు ఇలా ఒక జిరాక్స్ షాపులో, అయిదు నిమిషాల్లో తేలిపోతోంది.

2020 అక్టోబరులో నగరాన్ని వరద ముంచెత్తింది. ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. కొన్నాళ్లు చేతికి పంచి, తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. నవంబరు మధ్యలో ఊళ్లోని మీసేవ కేంద్రాలన్నిటి ముందూ తెల్లవారకముందే వరుసలు కట్టారు. గోల్కొండ వైపు అలా నిలబడిన ఒక మహిళ కుప్పకూలి చనిపోయింది. జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ రావడంతో ఎన్నికల సంఘం ఆ పంపిణీనే ఆపేసింది. ఇల్లు మునిగినవాడికి ఇల్లు మునిగిందని కంప్యూటర్‌కు రుజువు చేసుకునే పని కూడా పడింది. మూడు నెలలు తిరక్కుండానే, 2021 ఫిబ్రవరిలో, కరోనా వల్ల రేషన్ షాపుల్లో వేలిముద్రలు ఆపి ఐరిస్ లేదా ఓటీపీ అన్నారు. మళ్లీ అవే ఆధార్ కేంద్రాలు, అవే వరుసలు, వాటిలో నిలబడ్డవీ అవే ముఖాలు. ఇంటింటికీ వెళ్లి చూడకుండా కంప్యూటర్ లెక్కను నమ్మి రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2025లో కొత్త రేషన్ కార్డుల దరఖాస్తులకు మీసేవ తలుపులు తెరిచినప్పుడూ ఇదే తొక్కిడి. ఇన్నిసార్లు జరిగినదాన్ని పొరపాటు అనలేం. పేదవాడి సమయానికి విలువ లేదని లెక్కేసుకున్న పాలన ఇది.

పంజగుట్ట చౌరస్తాలో తోపుడుబండి మీద కూడా క్యూఆర్ కోడ్ ఉంది కదా, ఇంకెక్కడి అంతరం అని అధికారులు అంటారు. క్యూఆర్ కోడ్ అతికించుకోవడానికి ఒక అట్టముక్క చాలు. డబ్బు పడగానే పెట్టె పలుకుతుంది. అదే మనిషిని ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయమనండి, ఆధార్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి, చెప్పిన కేబీలకు తగ్గించి అప్‌లోడ్ చేయమనండి. రోజంతా ఫోన్‌లో వీడియోలు చూసే పదో తరగతి కుర్రాడు కూడా అక్కడ ఆగిపోతాడు. వినోదానికీ వసూలుకూ పనికొచ్చే ఫోన్ హక్కుకు పనికి రావడం లేదు. ఎందుకంటే మొదటి రెండింటినీ చదువు రానివాడు కూడా వాడేలా తయారుచేశారు. మూడోదాన్ని ఎవరి కోసం తయారుచేశారో చేసినవారే చెప్పాలి.

ఇంట్లో ఫోన్ ఉందన్న మాట వెనక ఇంకో నిజం ఉంది. ఆ ఫోన్ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. 2020 సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో బడి పాఠాలు మొదలైనప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఒంటిగది ఇంట్లో ఏ తరగతి పాఠం ఎవరు చూశారో ఆ తల్లులకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువగా తేలారు. రేషన్ తెచ్చేదీ, పిల్లల్ని బడిలో చేర్చేదీ, ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆ మిగతా ముగ్గురే. ఆ పైన ఖర్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్యాక్ 2024 జులైలో 239 నుంచి 299 రూపాయలకు చేరింది. నెలాఖరున రీచార్జ్ చేయించలేకపోతే నెట్ ముందు ఆగుతుంది. కొద్ది రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది, దాంతోపాటే ఓటీపీ.

ఇంత జరుగుతున్నా నగర పేదల కోసం ఒక పథకం పేరు చెప్పమంటే దొరకడం కష్టం. కేంద్రం 2017లో తెచ్చిన డిజిటల్ సాక్షరతా అభియాన్ 6 కోట్ల గ్రామీణ కుటుంబాల కోసం నడిచి 2024లో ముగిసింది. భారత్‌నెట్ పంచాయతీల కోసం. మన రాష్ట్ర ఇంటర్నెట్ పథకం టి-ఫైబర్ 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా అడుగు పెట్టిందీ పల్లెల్లోనే. పల్లెకు ఇవ్వడం తప్పని మేము అనం, ఇంకా ఇవ్వాలి. కానీ ఎం.ఎస్. మక్తాలో అద్దెకుండే పాలమూరు కూలీ ఊళ్లో లేడు కాబట్టి ఆ పథకం రాదు, నగరంలో ఉన్నా బ్రాడ్‌బ్యాండ్ కొనలేడు. పైన తీగలు చిక్కుపడి వేలాడుతున్నంత మాత్రాన కింద ఇంటికి నెట్ ఉన్నట్టేనా? నగరంలో 3,000 చోట్ల ఉచిత వైఫై అని 2021లో ప్రకటించారు. అందులోకి వెళ్లాలన్నా ఫోన్ ఉండాలి, ఆ ఫోన్‌కు ఓటీపీ రావాలి. కేరళ 2023 జూన్‌లో కె-ఫోన్ ప్రారంభిస్తూ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత ఇంటర్నెట్ తన లక్ష్యమని చెప్పింది. అక్కడ పని నెమ్మదిగా సాగిందన్నది నిజమే, అయినా అది ప్రభుత్వం ఇవ్వాల్సిన వస్తువని ఒప్పుకుంది. హైదరాబాద్ ఆ మాట కూడా అనలేదు.

అనలేని ఊరు కాదిది. 1999 డిసెంబరులో ట్విన్స్ పేరుతో, 2001 నుంచి ఈసేవగా, కరెంటు బిల్లూ నల్లా బిల్లూ ఒకేచోట కట్టే ఏర్పాటు దేశంలో అందరికంటే ముందు చేసి చూపింది. ఆ ఏర్పాటులో కంప్యూటర్ కౌంటర్‌కు అవతల ఉండేది, దాన్ని నడపడం ఉద్యోగి పని. కాగితం, డబ్బు తెచ్చివ్వడమే ప్రజల పని. ఇప్పుడు గుమాస్తా పనంతా దరఖాస్తుదారు నెత్తిన పెట్టారు. తప్పు పడితే అతనిదే, గడువు దాటితే అతనిదే. సర్వర్ పనిచేయకపోతే రేపు రమ్మంటారు, ఆ రేపటి కూలి పోయేదీ అతనికే.

డిజిటల్ సదుపాయాలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కేవైసీ కోసం పడ్డ కష్టం మీద వచ్చిన తీర్పు అది. దాన్ని అమలు చేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. అమీర్‌పేట నడిబొడ్డున ఉన్న మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు హెచ్‌ఎండీఏవి. అద్దెకిచ్చే ఆ అంతస్తుల్లో ఒకదాన్ని రాత్రి తొమ్మిదింటి దాకా, ఆదివారాలు కూడా, ఉచిత కంప్యూటర్ కేంద్రంగా తెరవాలి. 2023 జూన్‌లో 150 వార్డు కార్యాలయాలను ప్రారంభించినప్పుడు కంప్యూటర్ ఆపరేటర్‌తో సహా సిబ్బందిని ఇస్తామన్నారు. ఆ ఆపరేటర్ బస్తీవాసి పక్కన కూర్చుని దరఖాస్తు నింపాలి, పైసా తీసుకోకూడదు. ఓటీపీ రానివారి నుంచి సంతకం చేసిన కాగితం తీసుకుని రసీదు ఇవ్వాలి. గడువు ఆ రసీదు తేదీతోనే లెక్కించాలి.

డబ్బులేదన్న మాట చెల్లదు. నగరంలో ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరూ దాంతోపాటు 8 శాతం గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ సొమ్ము నగర గ్రంథాలయ సంస్థకు చేరాలి. చేరితే ప్రతి శాఖా గ్రంథాలయంలో పది కంప్యూటర్లు, ఒక ప్రింటర్, నేర్పే మనిషి ఉండొచ్చు. వసూలు చేసిన సెస్సులో గ్రంథాలయాలకు ఎంత బకాయి పెట్టిందో, ఏ తేదీలోగా కడుతుందో జీహెచ్‌ఎంసీ ఈ నెలలోనే ప్రజలకు చెప్పాలి.