డాలరు డిస్కు

మొన్న శనివారం పార్సిప్పనీలో మా వీధి చివర గరాజ్ సేల్ పెడితే, మావాడికి సైకిలేదైనా దొరుకుతుందేమోనని వెళ్ళా. సైకిలు దొరకలేదు గానీ, ఒక్క డాలరుకి క్వీన్ వాళ్ళ 'గ్రేటెస్ట్ వీడియో హిట్స్ 1' డీవీడీ దొరికింది. 2002 నాటిది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, దాన్ని ఆడించే యంత్రమే మా ఇంట్లో లేదని! డాలరు డిస్కు కోసం పాతిక డాలర్లు పోసి డ్రైవు తెప్పించా. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ఆ పాటలన్నీ యూట్యూబులో ఊరికే వస్తాయి కదా అంటారు. వస్తాయి. కానీ ఈ డిస్కులో ఇంకోటుంది. పాట నడుస్తుంటే గిటారు వాయించిన బ్రయన్ మే, డ్రమ్స్ వాయించిన రోజర్ టేలర్ పక్కన కూర్చుని దాని గురించి కబుర్లు చెబుతారు. 'బోహీమియన్ రాప్సొడీ' వీడియోని 1975లో ఎల్‌స్ట్రీలో నాలుగు గంటల్లో తీసేశారు. చీకట్లో నాలుగు మొహాలు కనిపించే ఆ షాటు, అంతకు ముందు సంవత్సరం వచ్చిన వాళ్ళ ఆల్బమ్ అట్ట మీది ఫోటోయే. పాడినాయన గొంతు మాత్రం ఆ కబుర్లలో లేదు. ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లోనే పోయాడు.

మా నాన్నగారు కొన్నాళ్ళుగా మా దగ్గరే ఉంటున్నారు. కాసేపు చూసి, "ఈయన మనవైపు మనిషిలా ఉన్నాడేంట్రా?" అన్నారు. పార్శీ అనీ, జాంజిబార్‌లో పుట్టి మన పంచగనిలో హాస్టల్లో ఉండి చదివాడనీ చెప్పా. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే ఇదంతా రాయిస్తోంది: "మన శంకరాభరణానికి ఇలాంటిది చేశారా?"

నాకు తెలిసి ఎవరూ చెయ్యలేదు. మనకున్న పాటల డిస్కులు తెలిసినవేగా! ఇక్కడి ఇండియన్ షాపుల్లో కొన్నవి నా దగ్గరా ఉన్నాయి. అట్ట మీద హీరో బొమ్మ, లోపల అలుక్కుపోయిన ప్రింటు. రాసిందెవరో పేరుండదు.

ఒక్కసారి లెక్క చూడండి. ఈ క్వీన్ డిస్కు వచ్చిన 2002 నాటికి, శంకరాభరణం వాళ్ళలో మహదేవన్ గారు ఒక్క ఏడాది ముందే వెళ్ళిపోయారు. సోమయాజులు గారు ఉన్నారు (2004 దాకా). వేటూరి 2010 దాకా ఉన్నారు, కెమెరా పట్టిన బాలు మహేంద్ర 2014 దాకా, మన బాలు 2020 దాకా. విశ్వనాథ్ గారు 2023 ఫిబ్రవరి 2న పోయారు, 1980లో ఆ సినిమా విడుదలైన తేదీనే. రెండ్రోజులకి వాణీ జయరామ్ పోయారు. అంటే ఓ గదిలో అందర్నీ కూర్చోబెట్టి, పాట వేసి, "ఈ షాటు ఎలా తీశారు, ఈ మాట ఎందుకు పడింది" అని అడిగే వీలు మనకి ఏళ్ళ తరబడి ఉంది!

టీవీ ఇంటర్వ్యూల్లో చెప్పారుగా, 'పాడుతా తీయగా'లో బాలు ఎన్ని ముచ్చట్లు చెప్పలేదూ అనొచ్చు. చెప్పారు, నేనూ ఇష్టంగా విన్నవాణ్ణే. కానీ స్టేజీ మీద చెప్పే ముచ్చట ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ నునుపెక్కిపోతుంది. పాట కళ్ళ ముందు కదులుతుంటే మనిషికి వేరేవి గుర్తొస్తాయి. ఆ మృదంగం ఆయన పేరు, ఆ రోజు పడిన వాన, కత్తిరించేసిన ఓ చరణం లాంటివి.

2022లో 'పోకిరి' దగ్గర్నుంచి పాత సినిమాల్ని 4కెలో మెరుగుపెట్టి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారు. అంత డబ్బు పెట్టేవాళ్ళు ఇంకో రెండు మైకులకి పెట్టలేరా? నన్నడిగితే ముందు 'సాగరసంగమం'తో మొదలుపెట్టాలి. కమల్ హాసన్, జయప్రద, ఇళయరాజా... ముగ్గురూ ఉన్నారు. ఒక్క పూట పని.

నాన్నగారు ఆ మాట విని, "శైలజని కూడా పిలవమను" అన్నారు. నిజమే, ఆవిడ సంగతి మర్చిపోయా.