ఎనిమిది రోజుల పుణ్యం

సేవ చేసి వచ్చినవాళ్ళని తప్పు పట్టడం మర్యాద కాదు. అందులోనూ సెలవు పెట్టుకుని, సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని, దేశంకాని దేశం వెళ్ళి పేదవాళ్ళకి మందులిచ్చి వచ్చినవాళ్ళతో "మీరు చేసింది సేవ కాదు" అంటే వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. అయినా అనక తప్పడం లేదు. అలా వెళ్ళివచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాబట్టి, ఈవిడ తనని తాను తిట్టుకుంటోందిలే అనుకుని చదివెయ్యండి.

నిరుడు టెక్సాస్‌లో మా పిన్ని కూతురింట్లో రెండు నెలలున్నాను. అది అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కారులో, "అక్కా, వచ్చే నెల మా చర్చివాళ్ళం మెడికల్ మిషన్‌కి గ్వాటెమాలా వెళ్తున్నాం. నువ్వూ రాకూడదూ?" అంది.

"నేనొచ్చి ఏం చేస్తానే? నేను చదివింది బి.ఏ. రోగుల పక్కన కూర్చుని నా నవల చదివి వినిపించనా?"

"మాత్రలు లెక్కపెట్టి కవర్లలో వెయ్యడానికి బి.ఏ. చాలులే అక్కా."

నాకు అనుమానం రావలసింది అక్కడే. అమెరికాలో, ఆమాటకొస్తే మన గుంటూరులో కూడా, నన్నెవరైనా మందుల షాపులో కూర్చోబెట్టి మాత్రలివ్వమంటారా? అక్కడ పనికిరాని చెయ్యి గ్వాటెమాలాలో ఎలా పనికొస్తుంది? రోగి పేదవాడైనంత మాత్రాన మందు తన గుణం మార్చుకుంటుందా? ఈ ప్రశ్నలేవీ నాకు తట్టలేదు. కొత్త దేశం చూడొచ్చు, పైగా పుణ్యం. పెట్టె సర్దేశాను.

మొత్తం పదహారుమందిమి. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, ఒక పళ్ళ డాక్టరు. మిగతావాళ్ళలో బ్యాంకు ఉద్యోగి, స్కూలు టీచరు, కాలేజీ పిల్లలు, నేను. అందరికీ ఒకే రంగు నీలం చొక్కాలు. టికెట్టు, బస, భోజనం కలిపి తలకి రెండువేల డాలర్లు దాటింది. ఎనిమిది రోజుల ప్రయాణంలో రాకపోకలకి రెండు రోజులు, అక్కడి సంఘంతో ఆరాధనకి ఒక రోజు, ఆంతిగ్వా అనే అందమైన పాత పట్నం చూడడానికి ఒక రోజు. పోగా రోగులకి మిగిలింది నాలుగు రోజులు.

చిమాల్తెనాంగో ప్రాంతంలో కొండల మధ్య ఒక పల్లెటూరు. ఆడవాళ్ళందరూ చేత్తో నేసిన రంగురంగుల రవికెలు తొడుక్కుని, వీపున పిల్లల్ని కట్టుకుని, తెల్లవారకముందే స్కూలు వరండాలో బారులు తీరారు. వాళ్ళది కక్చికేల్ అనే మాయా భాష. ఆవిడ తన బాధ కక్చికేల్‌లో చెబితే ఆ ఊరి కుర్రాడు స్పానిష్‌లోకి మార్చేవాడు. దాన్ని మావాళ్ళమ్మాయి ఇంగ్లీషులోకి మార్చేది. చిన్నప్పుడు చెవిలో మాట చెప్పుకునే ఆట ఆడేవాళ్ళం చూశారూ, అచ్చం అలాగే! ఆవిడ అయిదు నిమిషాలు ఏకరువు పెట్టిన బాధ డాక్టరుగారి దగ్గరికొచ్చేసరికి "కడుపు నొప్పి" అనే రెండు ముక్కలయ్యేది. డాక్టరుగారు చీటీ రాసేవారు. నేను మాత్రలు లెక్కపెట్టి కవర్లో పోసి, పొద్దున వేసుకునేదైతే సూర్యుడి బొమ్మ, రాత్రిదైతే చంద్రుడి బొమ్మ వేసి ఇచ్చేదాన్ని. ఆ బొమ్మలు చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మూడో రోజున యాభై ఏళ్ళావిడ వచ్చింది. బి.పి. నూటతొంభై. డాక్టరుగారు రాసిన ప్రకారం ముప్ఫై మాత్రలు పోసి, సూర్యుణ్ణి గీసి చేతికిచ్చాను. ఆవిడ కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఒక ప్రశ్న అడిగింది. రెండు భాషలు దాటి నా దగ్గరికి వచ్చినా ఆ ప్రశ్న అరగలేదు: "ఇవి అయిపోయాక?"

నేను మా చెల్లెలి వంక చూశాను. అది డాక్టరుగారి వంక చూసింది. ఆయన "ఇక్కడి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమనండి" అన్నారు.

ఆ ఆరోగ్య కేంద్రం నర్సమ్మ అక్కడే ఉంది. మా వరస తోసుకోకుండా జనాన్ని నిలబెడుతోంది, పాపం. కవరు చూసి, ఈ మాత్ర తన దగ్గర లేదనీ, ఆవిడకి తనిచ్చే మాత్ర వేరనీ చెప్పింది. సంచిలోంచి పొడుగాటి నోటుపుస్తకం తీసి చూపించింది. ఆ ఊళ్ళో బి.పి. ఉన్నవాళ్ళ పేర్లు, ఏ నెలలో ఎవరికి ఎంత ఉంది, ఏ మందిచ్చింది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. "మీరు ఎవరికి ఏమిచ్చారో నాకు రాసివ్వగలరా?" అని అడిగింది. మేము రాసుకున్నది ఎంతమందిని చూశామన్న లెక్క ఒక్కటే. అది చర్చిలో చెప్పడానికి.

ఆవిడకి కోపం రాలేదు. మెల్లిగా ఇంకో మాట చెప్పింది. అమెరికా మాత్ర వచ్చిందంటే జనం తనిచ్చినవి పారేస్తారట. మేం విమానమెక్కాక వాళ్ళని ఒప్పించే పని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టుకోవాలట.

ఇప్పుడు చెప్పండి, మేం ఆ ఊరికి చేసింది సేవా, చెరుపా?

తిరిగొచ్చాక చర్చిలో ఫోటోలు వేసి చూపించారు. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. "మేమిచ్చినదానికంటే పొందినదే ఎక్కువ" అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి పడుకున్నాక అర్థమైంది, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదని. మేం నిజంగానే ఎక్కువ పొందాం. ఎవరి దగ్గర్నుంచి పొందామో ఆ నర్సమ్మకి తెలుసు.

ఇదేదో నా ఒక్కదాని చాదస్తమనుకోకండి. దానమిచ్చే మందుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 లోనే నియమాలు రాసిపెట్టింది. పుచ్చుకునేవాళ్ళు అడిగినవే ఇవ్వాలి, ఆ దేశం చేరేసరికి కనీసం ఒక ఏడాది గడువుండాలి, మందు మీది రాత అక్కడి వైద్య సిబ్బందికి అర్థమవ్వాలి. ఇంట్లో ఆడపిల్లకి సారె పంపేటప్పుడు మనం చూసుకునే జాగ్రత్తలే కదూ! అయినా 2004 డిసెంబరు సునామీ తర్వాత ఇండొనేషియాలోని ఆచేకి సుమారు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. అందులో దాదాపు 600 టన్నులు పారవేయవలసినవని తేలింది. వాటిని నాశనం చెయ్యడం కూడా ఆ బాధితుల నెత్తినే పడింది.

"అయితే చర్చివాళ్ళు వైద్యం చెయ్యకూడదంటావా?" అని మా చెల్లెలు నా మీద లేచింది. ఆ మాట గుంటూరు మనిషినైన నేనెలా అంటాను? మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. ఆనా కుగ్లర్ అమెరికా నుంచి లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చారు. డాక్టరయినా మొదట ఆమెకి అప్పగించింది వైద్యం పని కాదు. ఓపిక పట్టి, డిస్పెన్సరీతో మొదలుపెట్టి, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. నలభై ఏడేళ్ళు! వెల్లూరులో ఐడా స్కడ్డర్ 1900లో పని మొదలుపెట్టి, తనొక్కతే చాలదని తెలుసుకుని, 1918లో మన ఆడపిల్లలకే వైద్యం నేర్పే బడి పెట్టారు.

అంతెందుకు, మేం నాలుగు రోజులు హడావుడి చేసి వచ్చిన ఆ చిమాల్తెనాంగోలోనే 1962లో కారోల్ బేర్‌హోర్స్ట్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరు కాపురం పెట్టి, కక్చికేల్ పల్లెజనానికే వైద్యసహాయం చెయ్యడం నేర్పారు. వెల్లూరులో చదువుకున్న ఆరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పల్లెటూరి ఆడవాళ్ళని, అక్షరం రానివాళ్ళని కూడా, ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన ఒక పుస్తకంలో ఈ రెండు ఊళ్ళ కథా ఉంది. వీళ్ళందరూ ప్రార్థన చేసుకునేవాళ్ళే. నా తగాదా ప్రార్థనతో కాదు, రిటర్ను టికెట్టుతో.

"ఏమీ చెయ్యకపోవడంకంటే కొంచెమైనా నయం కదా" అంటారు. కొన్నిటికి నయమే. గ్రహణమొర్రి పిల్లలకీ, కంటిలో శుక్లాలున్న ముసలివాళ్ళకీ మంచి సర్జన్లు వెళ్ళి, అక్కడి ఆసుపత్రితో కలిసి ఆపరేషన్లు చేసి, తర్వాత చూసుకునే మనిషిని ఏర్పాటు చేసి వస్తే వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ బి.పి., షుగరు అలాంటివి కావు. అవి మన సెలవుల్ని బట్టి వచ్చిపోయే జబ్బులు కావు, జన్మంతా కాపురముండే జబ్బులు. వాటికి ముప్ఫై మాత్రలిచ్చి రావడమంటే, ఆకలిగా ఉన్నవాడికి ఒక ముద్ద పెట్టి విస్తరి తీసెయ్యడమే.

మీ అమ్మాయో, మరదలో అక్కడినుంచి ఫోన్ చేసి "మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నాం" అంటే మెచ్చుకోండి, కాదనను. మెచ్చుకుని మూడు ప్రశ్నలడగండి. మిమ్మల్ని రమ్మన్నదెవరు? ఇక్కడ నువ్వు చెయ్యకూడని పని అక్కడ చేస్తున్నావా? మీరొచ్చేశాక ఆ రోగిని చూసేదెవరు? మూడింటికీ జవాబుంటే సంతోషంగా పంపండి. లేకపోతే ఆ టికెట్టు డబ్బు ఆ ఊరి నర్సమ్మ అడిగిన మందులకి పంపమనండి. మన ఊళ్ళో బ్యానరు కట్టి, ఫోటో తీయించుకుని, సాయంత్రానికి టెంటు విప్పేసే ఉచిత వైద్య శిబిరాలకి చందా ఇచ్చేముందు కూడా ఇవే ప్రశ్నలు.

మొన్న మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఈ ఏడు మళ్ళీ వెళ్తున్నాం, వేరే ఊరికి" అంది.

"వేరే ఊరెందుకే? ఆ ఊళ్ళోనే నర్సమ్మ ఉందిగా, నోటుపుస్తకం ఉందిగా. ఆవిణ్ణి అడిగి, ఆవిడ చెప్పిన మందులు పట్టుకుని, ఆవిడ చెప్పినట్టు చేసి రండి."

"పాస్టరుగారితో అంటే బావుండదక్కా. నీకన్నీ తప్పులే కనిపిస్తాయి" అని పెట్టేసింది.

పదిరోజులైంది, మళ్ళీ ఫోన్ లేదు. దానికి నా మీద కోపమున్నా ఫరవాలేదు. ఆ ముప్ఫై మాత్రలు అయిపోయి మాత్రం ఏడాది దాటిపోయింది.